అదే కుర్చీ, అదే వెలుగు, రోజుకో ఫొటో: రోజువారీ స్వీయచిత్రాల ప్రాజెక్టుకు సమగ్ర మార్గదర్శి

రోజువారీ స్వీయచిత్రాల ప్రాజెక్టులు రెండు దారుల్లో నడుస్తాయి. ఒక దారిలో రోజూ కొత్త చోటు, కొత్త వెలుగు, కొత్త ఆలోచన. రెండో దారిలో చోటు, వెలుగు, చూపు అన్నీ అవే, మారేది ముఖం ఒక్కటే. మొదటిది ఫొటోగ్రఫీ నేర్పుతుంది, రెండోది కాలం చేసే పనిని కళ్లకు కడుతుంది. రెండూ ఒకేసారి తలకెత్తుకుంటే దేనికీ ఓపిక మిగలదు కాబట్టి ముందు ఒకటి ఎంచుకోండి. ఈ మార్గదర్శి రెండోదాని గురించి. మొదటిదాని గురించి చివర్లో కొద్దిగా చెప్పుకుందాం.

ఈ పద్ధతికి గట్టి పూర్వీకులున్నారు. బోస్టన్ కాలేజీలో ఫొటోగ్రఫీ బోధించిన కార్ల్ బాడెన్ 1987 ఫిబ్రవరి 23న మొదలుపెట్టి దశాబ్దాలపాటు రోజూ తన ముఖాన్ని ఒకే తీరున ఫొటో తీసుకుంటూ వచ్చాడు. చిత్రకారుడు రోమన్ ఒపాల్కా ఏ రోజు పని ముగిశాక ఆ రోజు తెల్ల చొక్కాలో, ఒకే ముఖకవళికతో ఫొటో దిగేవాడు. తైవాన్‌లో పుట్టిన కళాకారుడు టెచింగ్ షే 1980 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు గంటకోసారి ఒక్కో ఫ్రేము చొప్పున తీసుకున్నాడు. జుట్టు పెరుగుదలే కాలాన్ని చూపాలని ముందు గుండు చేయించుకున్నాడు. ఫొటోగ్రాఫర్ నోవా కలీనా 2000 జనవరి 11న మొదలుపెట్టిన ఫొటోలను 2006లో వీడియోగా యూట్యూబ్‌లో పెట్టాక ఈ అలవాటు సామాన్యుల దాకా వచ్చింది. వీళ్ల పనిలో మనం పట్టుకోవాల్సింది ఒకటే: ఎలా తీయాలన్నది మొదట్లోనే తేల్చేసుకుని, ఆ తర్వాత రోజూ తీయడం ఒక్కటే పెట్టుకున్నారు. కింద చెప్పే ఏర్పాట్లన్నీ అందుకే. పొద్దున నిద్రమత్తులో ఉన్నా, ఒంట్లో బాగాలేకపోయినా 40 సెకన్లలో అయిపోయేలా ఉంటేనే ఈ పని ఏడాది నిలుస్తుంది.

కావాల్సినవి

ఫోను, ఫోన్ హోల్డరుతో 5 అడుగుల ట్రైపాడ్, బ్లూటూత్ రిమోటు, వీపు ఆన్చుకోవడానికి నిటారుగా ఉండే కుర్చీ, 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, జంట హోల్డరు, రెండడుగుల థర్మాకోల్ షీటు, రంగు ఇన్సులేషన్ టేపు, రెండు మీటర్ల గట్టి దారం, నాణెమంత అద్దం ముక్క, ఒక నోటుపుస్తకం. రిమోటు లేకపోతే వైరున్న ఇయర్‌ఫోన్లు చాలు. చాలా ఫోన్లలో కెమెరా తెరిచి ఉన్నప్పుడు వాటి వాల్యూమ్ బటన్ నొక్కితే ఫొటో పడుతుంది.

డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉన్నా రోజువారీ పనికి ఫోనే మంచిదని మా అభిప్రాయం. పాత ఫోను ఇంట్లో ఉంటే దాన్నే ఈ పనికి కేటాయించండి. అందులో సిమ్ వద్దు, వాట్సాప్ వద్దు. రోజూ వాడే ఫోను రెండు మూడేళ్లకు మారిపోతుంది, దాంతో లెన్సూ మారుతుంది. ఈ పని తప్ప మరో పని లేని ఫోను అలా మారదు.

దూరం, లెన్సు

చేయి చాచి ఫ్రంట్ కెమెరాతో తీసే సెల్ఫీ ఈ పనికి పనికిరాదు. ముక్కు కొనకూ చెవులకూ మధ్య సుమారు 10 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. లెన్సు ముక్కుకు 40 సెం.మీ. దూరంలో ఉంటే చెవులు 50 సెం.మీ. దూరంలో ఉన్నట్టు. అంటే చెవులతో పోలిస్తే ముక్కు 25 శాతం పెద్దగా పడుతుంది. అదే 120 సెం.మీ. దూరం నుంచి తీస్తే తేడా 8 శాతమే. ఇంకో చిక్కు ఉంది. చేయి ఒకరోజు 5 సెం.మీ. ఎక్కువ చాచితే ముఖం సైజు పదో వంతు తగ్గిపోతుంది, ముఖం ఆకారమే మారినట్టు కనిపిస్తుంది. 120 సెం.మీ. దూరంలో అదే 5 సెం.మీ. పొరపాటుకు వచ్చే తేడా 4 శాతం.

కాబట్టి వెనక కెమెరా వాడండి. 2ఎక్స్ లెన్సు (రెండు రెట్లు దగ్గరగా చూపేది) ఉంటే 120 సెం.మీ. దూరం పెట్టండి. 12 మెగాపిక్సెళ్ల నిలువు ఫొటోలో రెండు కంటిపాపల మధ్య దాదాపు 300 పిక్సెళ్లు వస్తాయి, తర్వాత సరిచేయడానికి అది చాలు. 1ఎక్స్ ఒక్కటే ఉంటే 80 సెం.మీ. దగ్గరకు రండి. డిజిటల్ జూమ్ జోలికి పోవద్దు, కత్తిరించడం తర్వాత కూడా చేసుకోవచ్చు.

లెన్సు కచ్చితంగా కళ్ల ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని కళ్లెత్తు నేల నుంచి కొలవండి, ట్రైపాడ్‌ను అక్కడే బిగించి దాని కడ్డీ మీద టేపు చుట్టండి. కుర్చీ నాలుగు కాళ్ల చుట్టూ, ట్రైపాడ్ మూడు కాళ్ల చుట్టూ నేల మీద కూడా టేపు అంటించండి. ఇల్లు తుడిచేటప్పుడు అవి జరగక మానవు. గుర్తులుంటే తిరిగి పెట్టడం పది సెకన్ల పని.

ఇక దారం పని. ఒక కొసను ట్రైపాడ్‌కు, సరిగ్గా లెన్సు కిందకు వచ్చేలా కట్టండి. ముఖం సరైన చోట ఉన్నప్పుడు దారం బిగుతుగా లాగి గడ్డం తగిలే చోట ముడి వేయండి. రోజూ కూర్చోగానే దారం లాగి, ముడి గడ్డానికి ఆనిందో లేదో చూసి వదిలేయాలి, అంతే. తల ముందుకు వాలినా వెనక్కి పోయినా దారం వెంటనే చెప్పేస్తుంది.

వెనక కెమెరాతో తీస్తే తెర కనిపించదు కదా అన్న సందేహానికి అద్దం ముక్క సమాధానం. దాన్ని ఫోను వెనక, లెన్సు పక్కనే అంటించండి. అందులో మీ రెండు కళ్ల నడిమి భాగం కనిపిస్తే తల ఫ్రేము మధ్యలో ఉన్నట్టే. చూసుకున్నాక చూపు లెన్సు మీదికి తెచ్చి నొక్కాలి.

ఫ్రంట్ కెమెరా తప్పనిసరైతే ఓహెచ్‌పీ షీటును (పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు) తెర సైజుకు కత్తిరించి, దాని మీద పర్మనెంట్ మార్కర్‌తో రెండు కళ్లకూ రెండు చుక్కలు, పెదవులకు ఒక గీత పెట్టండి. రోజూ షీటు తెర మీద ఆనించి ముఖాన్ని వాటిలోకి తేవాలి. ఫ్రంట్ కెమెరాల్లో ఇంకో ఇబ్బంది, కొన్ని ఫోన్లు అద్దంలో కనిపించినట్టు తిప్పి సేవ్ చేస్తాయి, కొన్ని చేయవు. సెట్టింగుల్లో అది ఎటు ఉందో చూసుకుని నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మధ్యలో మారితే పాపిడి ఒక రోజు కుడికి, మరో రోజు ఎడమకు గెంతుతుంది.

వెలుగు

ఉత్తరం కిటికీ వెలుగు ఎప్పుడూ నిలకడగా ఉంటుందని ఐరోపా, అమెరికా ఫొటోగ్రఫీ పాఠాల్లో చెబుతారు. మన దగ్గర అది పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా సూర్యోదయ సూర్యాస్తమయాలు కూడా ఉత్తరానికి వాలే ఉంటాయి. అంటే ఎండాకాలం పొద్దున ఉత్తరం కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంది. పైగా హైదరాబాద్‌లో జనవరికీ జూన్‌కూ సూర్యోదయంలో గంటకు పైగా తేడా. పొద్దున ఆరున్నరకు జూన్‌లో ఇల్లంతా వెలుగు, జనవరిలో ఇంకా పొద్దే పొడవదు. వానాకాలం మబ్బు సంగతి సరేసరి.

అందుకే కర్టెన్ మూసి బల్బు వెలుగులోనే తీయమని మా సలహా. జంట హోల్డరులో రెండు 9 వాట్ల బల్బులు పెట్టి, ముఖానికి ఒక పక్క 45 డిగ్రీల కోణంలో, కళ్ల కన్నా అడుగు ఎత్తున, మీటరు దూరంలో బిగించండి. రెండో పక్క థర్మాకోల్ షీటు నిలబెట్టండి, నీడ పడిన చెంప మీదికి అది వెలుగు తిప్పుతుంది. బల్బుల ముందు పలచని తెల్లగుడ్డ కడితే నుదుటి మీద జిడ్డు మెరుపు తగ్గుతుంది. రెండు బల్బులూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి కావాలి. కూల్ డేలైట్ అయితే రెండూ అదే. అదే రకం మరో రెండు కొని దాచండి, ఏడాది మధ్యలో ఒకటి పోతే వేరే రకం తేవాల్సిన పని ఉండదు. ఆ సమయంలో గదిలో మరే లైటూ వెలగకూడదు. పక్కగదిలో పసుపు బల్బు వెలుతురు తలుపు సందులోంచి పడినా ఒక చెంప నీలంగా, ఇంకొకటి పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం చాలా కష్టం.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ముందే తేల్చుకోవాలి: రోజూ పెట్టుకుని, లేదా రోజూ తీసేసి. పెట్టుకుంటే అద్దాల మీద బల్బు మెరుపు పడుతుంది. బల్బును ఇంకో అడుగు ఎత్తితే అది అద్దాల మీంచి జారిపోతుంది.

కెమెరా సెట్టింగులు

ప్రో మోడ్ లేదా మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా యాప్‌తో తీయండి. ఆటోలో వదిలేస్తే ఈరోజు తెల్లచొక్కాకు ఒక వెలుగు, రేపు నల్లచొక్కాకు ఇంకో వెలుగు ఎంచుకుంటుంది, వీడియోలో ముఖం మినుకుమినుకుమంటుంది. పైన చెప్పిన బల్బులతో ఐఎస్ఓ (సెన్సరు వెలుగును పట్టే సున్నితత్వం) 200, షటర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం, సెకన్లలో) 1/50 దగ్గర మొదలుపెట్టి, ఫొటో చీకటిగా అనిపిస్తే ఐఎస్ఓ పెంచండి. షటర్ మార్చొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు దానికి రెట్టింపు వేగంతో కొట్టుకుంటాయి. షటర్ 1/50 లేదా 1/100 ఉంటే ముఖం మీద అడ్డచారలు పడవు. అమెరికాలో ఉన్నవాళ్లకు కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 1/60 గానీ 1/120 గానీ పెట్టుకోవాలి. వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను సరిచేసే సెట్టింగు) బల్బు పెట్టె మీద రాసిన అంకెకు, మామూలుగా 6500 కెల్విన్‌కు, కట్టేయండి.

ఫొటో నిష్పత్తి 4:3 ఉంచండి, 16:9లో నిలువు ఫొటోకు రెండు పక్కలా కోసుకుపోతుంది. ఫార్మాట్ జేపెగ్. బ్యూటీ, స్కిన్ స్మూతింగ్, ఫిల్టర్లు, పోర్ట్రెయిట్ బ్లర్ అన్నీ ఆపేయండి. ఇది ఒకసారి ఆపి మరిచిపోయే విషయం కాదు, అప్‌డేట్ వచ్చాక కొన్ని యాప్‌లు పాత సెట్టింగులు చెరిపేసి బ్యూటీని తిరిగి తెస్తాయి. నెలకోసారి అన్నీ సరిచూడండి. మచ్చలు, కంటికింద నలుపు, కొత్తగా వచ్చిన తెల్ల వెంట్రుక, వీటి కోసమే ఈ ప్రాజెక్టు. అవి చెరిగిపోతే ఏడాది శ్రమా వృథా.

రోజూ చేసే పని

పళ్లు తోముకుని ముఖం కడుక్కోగానే, కాఫీకి ముందు తీసుకోవడం మంచిది. ఎప్పుడూ తప్పని పని తర్వాత పెట్టుకుంటే ఫొటో కూడా తప్పదు. స్నానానికి ముందా తర్వాతా అన్నది తేల్చుకోండి, తడి జుట్టుకూ పొడి జుట్టుకూ ముఖం ఆకారమే వేరుగా కనిపిస్తుంది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు గడియారాన్ని పట్టుకోకుండా, నిద్రలేచిన గంటలోపు అని నియమం పెట్టుకోవాలి.

లెన్సు తుడవండి, మెత్తటి నూలుగుడ్డతో. వేలికంటిన కొబ్బరినూనె లెన్సు మీద పడితే ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది, చిన్న తెర మీద అది కనిపించదు కూడా. కూర్చోండి. దారం చూడండి. పెదవులు మూసి, పళ్లు ఒకదానికొకటి తగలకుండా దవడ వదులు చేయండి. ఊపిరి వదిలి, లెన్సు మధ్యలోకి చూస్తూ నొక్కండి. నవ్వొద్దు. రోజూ ఒకే కొలతలో నవ్వడం ఎవరి తరమూ కాదు, ఏ ముఖకవళికా లేని ముఖాన్ని మాత్రం రోజూ తిరిగి తేవచ్చు.

మూడు ఫొటోలు తీసి, మూడోదే ఉంచండి. అందులో కళ్లు మూసుకుపోతే రెండోది. అందంగా వచ్చింది ఏదని వెతకడం మొదలైతే ఆరు నెలలకు మీ దగ్గర ఉండేది మీ ముఖం కాదు, మీకు నచ్చిన ముఖం. నియమం ఉంటే ఆ ఆశకు చోటుండదు.

బొట్టు, గాజులు, గడ్డం, దుస్తులు సహజంగా మారనివ్వండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు 41 రోజుల్లో గడ్డం పెరగడం, మాల తీశాక ఒక్కసారిగా ముఖం నున్నగా కావడం ఈ వరుసలో ఎంతో స్పష్టంగా పడుతుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన మర్నాడు మొదలుపెడితే టెచింగ్ షే చేసిన పనే మీరూ చేసినట్టు. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది, ఏడాది చివరికి దువ్వుకునేంత అవుతుంది.

లెక్కకు ముందు ఏడు రోజులు

మొదటి వారాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఏడు ఫొటోలూ తీసి, కంప్యూటర్లో ఒకదాని తర్వాత ఒకటి వేగంగా మార్చి చూడండి. కళ్లు పైకీ కిందికీ గెంతుతుంటే కుర్చీలో కూర్చునే తీరు మారుతోందని అర్థం, వీపు మొత్తం ఆన్చండి. ముఖం పెద్దదీ చిన్నదీ అవుతుంటే ముడి వదులైంది. తల ఒక పక్కకు వాలుతుంటే గోడ మీద మీ వెనక నిలువుగా ఒక టేపు అంటించి, ఫొటోలో ముక్కు ఆ గీత మీదే ఉందో లేదో చూసుకోండి. రంగు మారుతుంటే వైట్ బ్యాలెన్స్ లాక్ కాలేదు. ఇవి సరిపోయాకే ఒకటో రోజు. ఉగాదికో జనవరి ఒకటికో ఆగాల్సిన పనిలేదు.

తప్పిన రోజు, ప్రయాణం

రోజు తప్పుతుంది. దానికీ ఇప్పుడే నియమం రాసుకోండి: తప్పిన రోజు ఖాళీ. నిన్నటి ఫొటోకు ఈరోజు తేదీ వేయడం, మర్నాడు రెండు తీసి ఒకటి వెనక్కి జరపడం వద్దు. నోటుపుస్తకంలో తేదీ, కారణం ఒక్క మాటలో రాయండి. ఖాళీ ఉన్నా ప్రాజెక్టు చెడదు, అబద్ధపు తేదీ ఒక్కటి పడినా మిగతా తేదీల మీద నమ్మకం పోతుంది.

ఊరెళ్లినప్పుడు దారం, రిమోటు, చిన్న క్లిప్ హోల్డరు సంచిలో వేసుకోండి. తెల్లగోడ దొరికితే చాలు. దూరం, కళ్లెత్తు తప్పకుండా పాటించండి, వెలుగు విషయంలో సర్దుకోండి. కరెంటు పోతే చార్జింగ్ బల్బుతోనైనా తీసేయండి. అమెరికాకు వెళ్లేటప్పుడు తేదీ సాగుతుంది, తిరిగొచ్చేటప్పుడు కుంచించుకుపోతుంది. ఎక్కడున్నా అక్కడి తేదీనే లెక్క పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

భద్రపరచడం

ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకుంటే ఏడాదికి దాదాపు ఒకటిన్నర జీబీ. ఫైలు పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు: 2026-01-14. ఇలా పెడితే వరుస దానంతటదే వస్తుంది, రోజును ముందు పెడితే అన్ని నెలల 14వ తేదీలూ ఒకచోట చేరతాయి. మీకు మీరే వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపుకుని దాచుకోవద్దు. అది ఫొటోను కుదిస్తుంది, తీసిన తేదీని చెరిపేస్తుంది.

మూడు కాపీలు ఉండాలి: ఫోనులో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో ఒకటి, ఇంటి బయట, అంటే క్లౌడ్‌లోనో అక్కయ్య ఇంట్లో ఉంచిన డిస్కులోనో ఇంకొకటి. క్లౌడ్‌లో ఒరిజినల్ క్వాలిటీ ఎంచుకోండి. పెన్‌డ్రైవును ఈ మూడు కాపీల్లో ఒకటిగా లెక్కవేయకండి. నెల మొదటి ఆదివారం కాపీ చేసి, అందులోంచి ఏవైనా ఐదు ఫొటోలు తెరిచి చూడండి. నెలకొకటి 4×6 ప్రింటు తీయించి వెనక తేదీ రాసి ఉంచితే, డిస్కులన్నీ పోయినా ఏడాదికి పన్నెండు ముఖాలు మిగులుతాయి.

కనీసం మొదటి వంద రోజులు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవద్దని మా గట్టి సూచన. లైకులు వచ్చిన ఫొటోలోని ముఖాన్నే మర్నాడు కూడా తెచ్చిపెట్టుకోవడం మొదలవుతుంది. రోజూ తీయండి, నెలకోసారే చూడండి. ముఖంలో లోపాలు వెతకడం బాధగా మారితే ఆపేయండి, ఇందులో ఓటమి ఏమీ లేదు.

రోజూ కొత్త ఫొటో తీసే దారి మీకు నచ్చితే

దానికి ఆలోచనే ముడిసరుకు. నెలకు సరిపడా చీటీలు రాసి డబ్బాలో వేయండి: నీడ, చేతులు, వీపు, స్టీలు చెంబులో ప్రతిబింబం, బస్సు కిటికీ అద్దం, వంట చేస్తూ, తలుపు సందులోంచి. రోజుకొకటి తీసి 15 నిమిషాల గడువు పెట్టుకోండి. ముఖం కనిపించాలన్న నియమం కూడా అక్కర్లేదు.

వీడియోగా కూర్చడం

ఒరిజినళ్లు ముట్టుకోకుండా కాపీలతో పనిచేయండి. ప్రతి ఫొటోలో రెండు కంటిపాపలూ ఒకే చోటికి రావాలి. 1080×1080 ఫ్రేములో ఎడమ పాప అడ్డంగా 420 దగ్గర, కుడి పాప 660 దగ్గర, రెండూ పైనుంచి 430 దగ్గర పెడితే ముఖం, మెడ చక్కగా ఇముడుతాయి. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటీ చేతితో చేయొచ్చు, పైథాన్ ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు కళ్లను గుర్తించే లైబ్రరీలతో అన్నీ ఒకేసారి చేసుకోవచ్చు.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. కళ్ల మధ్య దూరాన్ని ప్రతి ఫొటోలో 240 పిక్సెళ్లకు సాగదీస్తే, తల కొంచెం పక్కకు తిరిగిన రోజున ఆ దూరం సహజంగానే తగ్గి ఉంటుంది కాబట్టి ముఖం మొత్తం ఉబ్బిపోతుంది. దారంతో దూరం కట్టేశారు కదా, అన్ని ఫొటోలకూ ఒకే స్కేలు వాడి, తిప్పడం, జరపడం మాత్రమే చేయండి. ప్రయాణాల్లో తీసిన వాటికే స్కేలు మార్చండి.

డావిన్సీ రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వరుస అంకెలున్న ఫైళ్లే ఒక క్లిప్‌గా తెరుచుకుంటాయి. తేదీల పేర్లతో ఉంటే తప్పిన రోజు దగ్గర వరుస తెగుతుంది. అందుకని కాపీలకు 0001, 0002 అని వరుసగా పేర్లు పెట్టండి. సెకనుకు 12 ఫొటోలు చొప్పున 365 ఫొటోలకు 30 సెకన్ల వీడియో అవుతుంది. ఆరు కన్నా తగ్గితే స్లైడ్‌షోలా ఉంటుంది, ఇరవై దాటితే ముఖం మీద చూపు ఆగదు. ఎక్స్‌పోర్ట్ మాత్రం సెకనుకు 24 ఫ్రేములకు పెట్టి ఒక్కో ఫొటోను రెండు ఫ్రేములు నిలపండి, అన్ని చోట్లా సాఫీగా ఆడుతుంది.

ఎంచుకున్న 420, 660, 430 అంకెలు, స్కేలు, బల్బు రకం, దారం పొడవు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టండి. రెండో ఏడాది ఫొటోలు మొదటి వాటి పక్కన అతుకు కనిపించకుండా చేరాలంటే అవే అంకెలు కావాలి. ఫోను మార్చక తప్పకపోతే ఏడు రోజులు పాతదానితోనూ కొత్తదానితోనూ తీసి, ఆ జంటలను పక్కపక్కన పెట్టి కొత్త దూరం, కొత్త స్కేలు తేల్చుకున్నాకే పాతది పక్కన పెట్టండి.